ఎవరిని అడిగిరి?

విజయనగరము మహారాజు ఆనంద గజపతి గారు ఒకప్పుడు ఒక జాబితా తయారు చేయించిరి. విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరముల కాలమున బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన కన్యాశుల్క వివాహము లెన్ని, పెండ్లికూతుండ్ర వయస్సు లెంత, పుచ్చుకొన్న సొమ్మెంత అనునదే అందలి విషయము. లెక్కకు వచ్చిన వివాహములు 1,034. సగటున ఏటికి 344. వీరిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్ల వారు 44, మూడేండ్ల వారు 36, రెండేండ్ల వారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికిని తలకు 350 మొదలు 400 రూపాయల వరకు వెల పలికినది. ఈ అంకెలను గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన కన్యాశుల్కము తొలి కూర్పునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో పొందుపరచిరి. గిరీశము మాటలు కంఠస్థముగా అప్పగించు రసికులు సైతము ఈ పీఠికను దాటిపోవుట కలదు. నాటకమున మనము నవ్విన నవ్వుకు వెనుక ఈ లెక్క యున్నదని తెలిసినపిమ్మట ఆ నవ్వు వేరుగా వినిపించును.

బిడ్డను అమ్ముకొంటిమని ఒప్పుకొనుటకు ఏ తండ్రియు ఇష్టపడడు గనుక జాబితా సంపూర్ణము కాదని కూడ ఆ పీఠిక హెచ్చరించుచున్నది. ఈ హెచ్చరిక గమనింపదగినది. లెక్క తీసినవారు అడిగినది సొమ్ము ఇచ్చినవారిని, పుచ్చుకొన్నవారిని, ఊరి పెద్దలను. పెండ్లికూతుండ్రను అడుగుటకు వీలులేదు. వారిలో కొందరికి మాటలే రావు. ఐనను మాటలు వచ్చినవారిని అడుగవచ్చునను తలంపు కూడ ఆ కాలమున ఎవరికిని కలిగినట్లు కనబడదు. స్త్రీలమీద, బాలికలమీద జరుగు హింసను గూర్చిన పరిశోధన చరిత్ర యంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది: ఎవరిని అడిగిరి?

విజయనగరమున జాబితా వ్రాయబడిన కాలమునకు కొంచె మించుమించుగా, కలకత్తాలో ఫూల్‌మణి దాసి యను బాలిక మరణించినది. వయస్సు పదునొకండు దాటలేదు. భర్త హరిమోహన్ మైతి ఆమెకు మూడు రెట్లు వయస్సు కలవాడు. అతని పొందువలన కలిగిన గాయముచేత ఆమె ప్రాణము పోయినది. 1890లో విచారణ జరిగెను. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారము పదియేండ్లు నిండిన భార్యతో భర్త కూడుట నేరము కాదు. కనుక బలాత్కారమను నేరము అతనికి అంటలేదు. ప్రాణాపాయము కలిగించునట్టి అజాగ్రత్తతో గాయపరచెనను చిన్న నేరము క్రింద ఒక సంవత్సరము కఠినశిక్ష పడినది. అంతే.

ఆ తీర్పు దేశమున కలవరము పుట్టించినది. లక్నోలో పనిచేయుచుండిన డాక్టరు మోనెల్ మాన్సెల్ అను వైద్యురాలు తన తోటి స్త్రీ వైద్యుల సంతకములతో వైసరాయికి ఒక విజ్ఞప్తి పంపెను. అందు పదమూడు మంది బాలికల కథ లుండెను. కథలనుట సరికాదు, ఆస్పత్రి పుస్తకములనుండి ఎత్తి వ్రాసిన ముక్తసరి వాక్యములు: వయస్సు, గాయము, ఫలితము. విశేషణములు లేవు. వాదన లేదు. సంస్కర్తలు సంవత్సరముల తరబడి చేసిన ఉపన్యాసములకంటె ఆ పదమూడు వాక్యములు శాసనసభను ఎక్కువగా కదలించినవని చరిత్రకారులు చెప్పుదురు. 1891 మార్చిలో సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండునకు పెంచు చట్టము వచ్చినది. బాలగంగాధర తిలకుని వంటి మహనీయుడే దానిని ఎదిరించెను. పరదేశ ప్రభుత్వము మన ఇంటి గడప దాటరాదని ఆయన వాదము. ఆ వాదమునకు రాజకీయముగా బలము లేకపోలేదు. కాని ఇంటిలోపల ఉన్న బాలిక ఆ వాదమునకు ఎక్కడను అడ్డురాలేదు. ఆమెను ఎవరును సాక్షిగా పిలువలేదు గనుక.

వైద్యురాండ్రు చూచి చెప్పినది ఒక మెట్టు. ఆస్పత్రి గడప తొక్కినవారు మాత్రమే వారి కంటబడిరి. తొక్కనివారి సంగతి?

చట్టము ఒకటి పుస్తకమున చేరినంత మాత్రమున దేశమున చేరదని తెలిసికొనుటకు మరి ముప్పదియేడేండ్లు పట్టినది. 1928లో ప్రభుత్వము సర్ మోరోపంత్ విశ్వనాథ జోషి గారి అధ్యక్షతను సమ్మతి వయస్సు విచారణ సంఘమును నియమించెను. సభ్యులలో మద్రాసునుండి ఆర్కాటు రామస్వామి మొదలియారు గారును, అక్కడి స్త్రీల ఆస్పత్రికి అధికారిణియైన డాక్టరు బీడన్ గారును ఉండిరి. రామేశ్వరీ నెహ్రూ గారును సభ్యురాలే. వారు ప్రశ్నావళిని అచ్చువేయించి దేశమంతట పంచిరి, రాష్ట్ర రాష్ట్రమును తిరిగి సాక్ష్యములు పుచ్చుకొనిరి, ప్రసూతి ఆస్పత్రుల లెక్కలు తెప్పించిరి. 1929లో వెలువడిన నివేదిక ఈనాడు చదివినను ఆశ్చర్యము కలిగించును. 1891 చట్టముగాని, దానిని సవరించిన 1925 చట్టముగాని ప్రజలలో తెలిసినవారు బహు కొద్దిమంది. తెలిసినను భర్తమీద ఫిర్యాదు చేయగలవారు ఇంటిలో ఎవరును లేరు. చేసినను సాక్ష్యము లేదు. చట్టము ప్రాణములేని అక్షరమైనదని సంఘము నిర్మొగమాటముగా వ్రాసినది. పుట్టుకలను, పెండ్లిండ్లను నమోదు చేయించుడనియు, పెండ్లికే కనీస వయస్సు నిర్ణయించుడనియు సలహా చెప్పినది. అదే సంవత్సరము సెప్టెంబరులో శారదా చట్టము ఆమోదము పొందెను. బాలికలకు పదునాలుగేండ్లు, బాలురకు పదునెనిమిది. అమలు 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి.

ఆ నడిమి ఆరు నెలలలో ఏమి జరిగినదో మన పెద్దల నోట వినినవారు ఇంకను ఉందురు. తలుపులు మూసికొనునంతలో లోపలికి దూరినట్లు, ఊరూర పసిపిల్లల పెండ్లిండ్లు వరుసగా జరిపించిరి. 1931 జనాభా లెక్కలలో ఆ హడావుడి స్పష్టముగా కనబడినది. హింసను నివారింపబూనిన చట్టమే కొంతకాలము దానిని పెంచినది. విచారణ సంఘమువారు న్యాయవాదులను అడిగిరి, పండితులను, వైద్యులను, మహిళా సంఘముల నాయకురాండ్రను అడిగిరి. పనికివచ్చు సమాధానములే వచ్చినవి. ఐనను ఆ సాక్షులలో హెచ్చుమంది ఇతరుల బాధను గూర్చి చెప్పినవారే.

స్వాతంత్ర్యానంతరము ఈ విషయమున చాలకాలము నిశ్శబ్దము. 1971లో నియమింపబడి 1974 డిసెంబరు కడపట నివేదిక సమర్పించిన భారత స్త్రీల స్థితి విచారణ సంఘము విద్యను, ఉపాధిని, ఆస్తిని, స్త్రీ పురుష నిష్పత్తిని కూలంకషముగా పరిశోధించినది. 'సమత దిశగా' అను ఆ నివేదికవలననే మన విశ్వవిద్యాలయములలో స్త్రీల అధ్యయనము ఒక శాస్త్రముగా పాదుకొన్నది. సాంఘికశాస్త్ర పరిశోధనా మండలి అందుకు వేతనములు ఇచ్చినది. కాని ఇంటిలో భర్త చేయు హింసను గూర్చి ఆ గ్రంథమున చెప్పినది బహు స్వల్పము. దాచవలెనని కాదు. అది పరిశోధింపదగిన విషయమను భావమే ఇంకను కుదురుకొనలేదు. మన హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన వారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ప్రకటించినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొనిన స్త్రీలను స్వయముగా కలిసి, వారి మాటలను వారి నోటనే చెప్పించిరి. అది హింసా నివారణ గ్రంథము కాదు. ఐనను అడుగవలసినవారిని అడుగుట యను పద్ధతిని తెలుగువారికి చూపిన గ్రంథము.

ఇక మనము సముద్రములు దాటి మధ్య అమెరికాకు పోవలసియున్నది.

నికరాగ్వా దేశమున లియోన్ అను నగర మున్నది. స్పానిషు భాషకు కొత్త ఊపిరి పోసిన రూబెన్ దారియో మహాకవి బాల్యము గడిపిన ఊరు. ఆయన సమాధియు అక్కడి పెద్ద దేవాలయముననే. 1812లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయ మొకటి కలదు. 1979లో విప్లవము, ఆ తరువాత ఒక దశాబ్దము అంతర్యుద్ధము, 1990లో ఎన్నికలలో ప్రభుత్వము మారుట. ఇన్ని కుదుపుల నడుమ ఆ దేశపు స్త్రీలు 1992లో హింసకు వ్యతిరేకముగా ఒక సంఘముల కూటమిని కట్టుకొనిరి. వారికి కావలసినది చట్టము. దెబ్బ కంటికి కనబడినగాని గాయముగా లెక్కింపని పాత చట్టమును మార్పించవలెను. శాసనసభలో వారికి ఎదురైన ప్రశ్న మనకు పరిచితమైనదే: ఇది ఎక్కడనో త్రాగుబోతుల ఇండ్లలో జరుగునదేగదా, ఇందుకొక చట్టమా?

ఆ ప్రశ్నకు జవాబు ఎవరియొద్దను లేదు. మేరీ ఎల్స్‌బర్గ్ అను అమెరికా వనిత నికరాగ్వాలో ఏండ్ల తరబడి ప్రజారోగ్య కార్యకర్తగా పనిచేయుచుండెను. లియోన్ విశ్వవిద్యాలయమునకును, స్వీడను దేశమందలి ఉమేయో విశ్వవిద్యాలయమునకును పరిశోధనలో ఒడంబడిక యుండెను. స్వీడను ప్రభుత్వపు అభివృద్ధి నిధినుండి అందుకు ధనము వచ్చుచుండెను. ఈ ఏర్పాటులో ఫెలోషిప్పు అని పిలువబడు పరిశోధక వేతనపు పద్ధతి మెచ్చుకొనదగినది. విద్యార్థి కొన్ని నెలలు స్వీడనులో గణితమును, రోగవ్యాప్తి శాస్త్రమును నేర్చుకొనును. మిగిలిన కాలము స్వదేశమున, తన ఊరిలో, తన భాషలో పనిచేయును. పట్టము పొందిన తరువాత దూరదేశమున ఉద్యోగము వెదకుకొన నక్కరలేదు. పని తన ఇంటి ముందే యున్నది. ఎల్స్‌బర్గ్ గారు ఈ ఏర్పాటులోనే చదివి 2000లో డాక్టరు పట్టము పొందిరి. ఆమె వెంటను, ఆమె తరువాతను నికరాగ్వా దేశీయులైన పరిశోధకులు అదే త్రోవను నడచిరి.

1995లో వారు లియోన్ నగరమునను చుట్టుప్రక్కలను 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల 488 మంది స్త్రీలను కలిసికొనిరి. అందు వివాహితలో, పురుషునితో కాపురముచేసినవారో 360 మంది. ఆ 360 మందిలో 188 మంది, అనగా నూటికి 52 మంది, ఎప్పుడో ఒకప్పుడు భర్తచేత దెబ్బలు తినియుండిరి. హింస సాగిన కాలము మధ్యస్థముగా అయిదేండ్లు. దెబ్బలు తినినవారిలో సగమునకు మించి కాపురము మొదలైన రెండేండ్లలోపుననే తొలి దెబ్బ తినిరి. నూటికి 31 మందిని గర్భవతులుగా నున్నప్పుడు కూడ కొట్టిరి. ఆ దెబ్బకు భార్య చదువు అడ్డురాలేదు, ఉద్యోగము అడ్డురాలేదు. భర్త పుట్టి పెరిగిన ఇంటిలో హింస ఉండెనా లేదా అనునది మాత్రము పరిశోధకులకు గట్టిగా కనబడిన సంబంధములలో ఒకటి. దారిద్ర్యము మరియొకటి.

నివేదికకు 'నరకములో మిఠాయిలు' అని పేరు పెట్టిరి. శాస్త్ర నివేదికకు ఇట్టి పేరేమని పండితులు ముక్కున వేలువేసికొని యుందురు. కాని ఆ పేరే వీథులలో నిలిచినది. స్త్రీల కూటమి వేలకొలది సంతకములు సేకరించినది. 1996లో నికరాగ్వా శాసనసభ 230వ చట్టమును ఏకగ్రీవముగా ఆమోదించినది. కంటికి కనబడని మానసిక గాయమును కూడ నేరముగా గుర్తించి, బాధితురాలిని కాపాడు ఉత్తరువులు ఇచ్చు అధికారమును న్యాయస్థానములకు ఒసగినది. ఎక్కడనో జరుగునదన్నవారికి సగము ఇండ్లలో అని జవాబు దొరకినది.

అయితే ఈ లెక్క నమ్మదగినదేనా? అత్త ప్రక్కనుండగా, భర్త గుమ్మములో కూర్చుండగా 'నిన్ను కొట్టునా?' అని అడిగినచో ఏ స్త్రీ ఉన్నమాట చెప్పును? పరిశోధకుల నైపుణ్యమంతయు ఇక్కడనే. ఒక ఇంటిలో ఒక్క స్త్రీనే అడుగవలెను. ఇద్దరిని అడిగినచో ఒకరి మాట ఒకరికి పొక్కును. పరిశోధన స్త్రీల ఆరోగ్యమును గూర్చినదని ఊరివారికి చెప్పవలెను. హింస అను మాట బయటికి రాకూడదు. ఏకాంతము దొరకనిదే ప్రశ్న మొదలిడరాదు. నడుమ ఎవరేని లోపలికి వచ్చినచో, అడుగు స్త్రీ తడబడక కాన్పులను గూర్చియో బిడ్డల జ్వరమును గూర్చియో ముందుగా సిద్ధము చేసికొనిన ప్రశ్నలలోనికి మాట మరల్చవలెను. 'హింస జరిగినదా?' అని అడుగరాదు. 'చెంపమీద కొట్టెనా, నెట్టెనా, తన్నెనా, గొంతు నులిమెనా?' అని ఒక్కొక్క పనినే పేరుపెట్టి అడుగవలెను. ఏలయన చాలమంది స్త్రీలు చెంపదెబ్బను హింసగా ఎంచరు. అది కాపురములోని భాగమని అనుకొందురు. సహాయము ఎక్కడ దొరకునో వ్రాసిన చీటిని చేత పెట్టవలెను. అదియు ఇంటివారి కంటబడినను అనుమానము రాని చిన్న కాగితమై యుండవలెను. కడపట, రోజంతయు ఇట్టి మాటలు వినివచ్చిన ప్రశ్నకర్త్రుల మనస్సు చిట్లిపోకుండ వారితో కూర్చుండి మాటాడువా రుండవలెను. వారిలోను అట్టి కాపురములు చేసినవారు ఉందురుగదా.

ఈ నియమములే 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మార్గదర్శక పత్రమునకు పునాది. స్త్రీ క్షేమము ముందు, లెక్క తరువాత అనునది ఆ పత్రపు సారము. ఈ నియమములను పాటించినందున లెక్కకు లోటు కలుగలేదు. లెక్క నిజమునకు దగ్గరైనది. దీనికి నికరాగ్వాలోనే నిదర్శనము దొరకినది. లియోన్ పరిశోధనలో 52 శాతము. రాజధాని మనాగ్వాలో మరియొక బృందము చేసిన పరిశోధనలో 69 శాతము. 1998లో దేశమంతట జరిపిన ప్రభుత్వ జనారోగ్య సర్వేలో 28 శాతము. దేశము ఒకటే, కాలము ఇంచుమించు ఒకటే. ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి 2001లో ఎల్స్‌బర్గ్ గారును సహచరులును ఒక వ్యాసము వ్రాసిరి. భేదమునకు ప్రధాన కారణము అడిగిన తీరు, అడిగినవారి శిక్షణ, అడిగినప్పటి ఏకాంతము అని వారి తీర్మానము. తక్కువ అంకె కనబడినప్పుడు మనము సంతోషింపరాదు. ఎవరు, ఎట్లు అడిగిరో విచారింపవలెను. విజయనగరపు జాబితాను గూర్చి అప్పారావు గారి పీఠిక చేసిన హెచ్చరికయే ఇది, వందేండ్ల తరువాత వేరొక భాషలో.

అదే త్రోవను నడచిన ఎలియెట్ వయదారెస్ అను నికరాగ్వా వైద్యురాలు మరియొక అడుగు ముందుకు వేసెను. లియోన్ ఆస్పత్రిలో తక్కువ బరువుతో పుట్టిన 101 మంది శిశువుల తల్లులను, సరియైన బరువుతో పుట్టిన 202 మంది శిశువుల తల్లులను ఆమె బృందము పోల్చి చూచినది. గర్భమున నున్నప్పుడు భర్త దెబ్బలు తినినవారు మొదటి వర్గమున నూటికి 22, రెండవ వర్గమున నూటికి 5. 2002లో ఈ ఫలితము ప్రకటింపబడినది. 1890లో వైద్యురాండ్రు పంపిన పదమూడు వాక్యములకు దీనికిని ఎంత దూరము! వారు కంటబడినవారిని చెప్పిరి. ఈమె కంటబడనివారిని కూడ త్రాసులో ఎక్కించెను.

తరువాతి కథను వేగముగా చెప్పవచ్చును. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశములలో ఇరువదినాలుగు వేలకు మించిన స్త్రీలను అడిగిన మహాపరిశోధనను వెలువరించినది. స్థలమునుబట్టి నూటికి 15 మొదలు 71 వరకు స్త్రీలు భర్తచేతనో సహచరునిచేతనో శారీరకముగానో లైంగికముగానో హింస పొందినవారని తేలినది. ఈ వ్యత్యాసమే ఆశకు ఆధారము. ఒకచోట 15, మరియొకచోట 71 అయినప్పుడు హింస మానవస్వభావమున పుట్టినదని, మార్చరానిదని చెప్పుటకు వీలులేదు.

కనుక లెక్కించువారు క్రమముగా నివారణవైపు తిరిగిరి. దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రమున, సెఖుఖునె ప్రాంతపు పల్లెలలో, బీద స్త్రీలకు చిన్న అప్పులిచ్చుచు, అప్పు తీర్చుటకు కూడిన సమావేశములలోనే కాపురమును, ఆరోగ్యమును, హింసను గూర్చి పాఠములు చెప్పిరి. ఎనిమిది పల్లెలలో నాలుగింటిలో ముందు, నాలుగింటిలో తరువాత. 2006లో ఫలితము తేలినది: ముందు మొదలిడిన పల్లెలలో గడచిన సంవత్సరపు హింస సగమునకు మించి తగ్గినది. ఉగాండా రాజధాని కంపాలాలో 'సాసా' అను కార్యక్రమము జరిగినది. స్వాహిలి భాషలో ఆ మాటకు 'ఇప్పుడే' అని అర్థము. అక్కడ అప్పు లేదు, డబ్బు లేదు. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చెట్టుక్రింద, అంగడిలో, దేవాలయమున అధికారమును గూర్చి మాటాడుట. 2014లో వెలువడిన లెక్కలో శారీరక హింస సగమునకు తగ్గినట్లు కనబడినది. పరీక్షించిన పేటలు ఎనిమిదే గనుక ఆ అంకెలో అనిశ్చయము కొంత ఉన్నదని పరిశోధకులే ఒప్పుకొనిరి. హింసను సమంజసమని తలచువారు తగ్గిరని మాత్రము దృఢముగా చెప్పగలిగిరి. ఇట్టి పనులకు 2003లో పుట్టిన లైంగిక హింసా పరిశోధన ప్రయత్న సంస్థ వంటివి బీద దేశముల పరిశోధకులకు నిధు లిచ్చి తోడ్పడినవి. ధనిక దేశపు విద్యార్థి వచ్చి, మూడు నెలలు ఉండి, ప్రశ్నపత్రములు మూటగట్టుకొనిపోయి, అక్కడ గ్రంథము వ్రాసికొను పద్ధతికంటె ఇది ఎంతయో మేలు. ఐనను వేతనములు ఇచ్చు చేతులు ఇంకను హెచ్చుగా అక్కడివే. ఏ ప్రశ్న అడుగవలెనో నిర్ణయించునది ధనమైనప్పుడు, అడుగబడని ప్రశ్నలు మరల మిగిలిపోవు ప్రమాదము కలదు.

పరిశోధకులు రాకమునుపే నివారణకు పూనుకొనిన స్త్రీలు మన నేలమీద ఉండిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణమును మూయించిన కూలి స్త్రీలు ఏ విశ్వవిద్యాలయపు వేతనమును పుచ్చుకొనలేదు. రాత్రిబడిలో చదువుకొనిన వాచకమున త్రాగుడును గూర్చిన పాఠమొకటి ఉండెను. ఆ పాఠమున వారికి తమ ఇల్లే కనబడినది. తాగి వచ్చిన మగని చేతి దెబ్బలును, కూలిడబ్బులు సారాకు పోవుటయు వేరువేరు సంగతులు కావని వారు ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. మరుసటి సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది. నిషేధమువలన ఎన్ని ఇండ్లలో దెబ్బలు తగ్గినవి? సడలిన తరువాత ఎన్ని ఇండ్లలో మరల పెరిగినవి? కంపాలాలో తీసినట్లు ముందును, వెనుకను, ఏకాంతమున అడిగి తీసిన లెక్క ఉండినచో దూబగుంట పేరు ప్రపంచ పాఠ్యగ్రంథములలో ఎక్కియుండెడిదని నా నమ్మకము. ఒక యువ పరిశోధకురాలికి రెండేండ్ల వేతనము ఇచ్చియుండిన చాలును.

మన దేశమున ఈ ప్రశ్నను ప్రభుత్వ సర్వేలో మొట్టమొదట అడిగినది 1998, 99 సంవత్సరములలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండవ విడతలో. విపులమైన ప్రశ్నావళి 2005, 06 నాటి మూడవ విడతలో వచ్చినది. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము ఆమోదము పొందినదియు 2005లోనే. లియోన్‌లో నేర్చిన నియమములు ఇక్కడికిని వచ్చినవి: ఇంటికి ఒక్క స్త్రీ, ఏకాంతము దొరకనిచో ఆ ప్రశ్నలు అడుగనే అడుగరు. 2019 మొదలు 2021 వరకు జరిగిన అయిదవ విడతలో, 18 మొదలు 49 ఏండ్ల వివాహితలలో భర్త హింసకు గురియైనవారు తెలంగాణమున నూటికి దాదాపు 37, ఆంధ్రప్రదేశమున 30. దేశపు సగటు 29. చదువున, ఆదాయమున ఇతర రాష్ట్రములకంటె ముందున్నామని చెప్పుకొను మనము ఈ పట్టికలో ఎక్కడ నున్నామో శ్రోతలు గమనింతురుగాక. కొందరు మిత్రులు దీనికి సారాను కారణముగా చెప్పుదురు, కొందరు కట్నమును. రెండును ఊహలే. మనాగ్వా, లియోన్‌ల భేదమును తెలిసికొనినవారు మొదట అడుగవలసినది మరియొకటి: మన స్త్రీలు ఇతర రాష్ట్రముల స్త్రీలకంటె నిర్భయముగా చెప్పిరా? ఏ జిల్లాలో, ఏ ఇండ్లలో, ఏ వయస్సున తొలి దెబ్బ పడుచున్నది? రాష్ట్రపు సగటు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పజాలదు. ఊరిలో ఏండ్ల తరబడి ఉండి అడుగువారు కావలెను.

లియోన్‌లో అట్టివారు ఉండిరి. అందుచేతనే 2016లో, ఇరువది యొక్క సంవత్సరముల తరువాత, వారు అదే నగరమునకు మరల పోగలిగిరి. 1995లో అడిగిన ప్రశ్నలనే, అదే క్రమమున అడిగిరి. పాత లెక్కను కొత్త లెక్కతో పోల్చుటకు అనువుగా సరిచేసికొని చూడగా, జీవితమున ఎప్పుడైనను భర్త దెబ్బ తినిన స్త్రీలు నూటికి 55 నుండి 28కి తగ్గిరి. గడచిన సంవత్సరమున దెబ్బ తినినవారు 28 నుండి 8కి తగ్గిరి. ఇంత తగ్గుదలను ఒక నగరమున, ఒక తరములో, ఇంత జాగ్రత్తగా కొలిచిన సందర్భములు ప్రపంచమున బహు అరుదు. కారణము ఇదియని ఒక్కదానిమీద వేలుపెట్టి పరిశోధకులు చెప్పలేదు. 230వ చట్టము ఉండెను. 1993 మొదలు నెలకొల్పిన స్త్రీల పోలీసు ఠాణాలు ఉండెను. ఊరూర పనిచేసిన స్త్రీల సంఘములు, వారు నడపిన సలహా కేంద్రములు ఉండెను. తమ తల్లుల మౌనమును చూచి పెరిగిన కూతుండ్రు పెద్దవారైరి.

ఆ నివేదిక వెలువడునాటికే పరిస్థితి తారుమారగుచుండెను. 2012లో వచ్చిన కఠినతరమైన 779వ చట్టమును మరుసటి యేడే సవరించి, కొట్టినవానితో రాజీ కుదుర్చు పద్ధతిని మరల ప్రవేశపెట్టిరి. స్త్రీల ఠాణాలు కొన్ని సంవత్సరములు మూతపడి 2020లో మరల తెరువబడినవి. 2018 నాటి అలజడుల తరువాత ప్రభుత్వము వేలకొలది స్వచ్ఛంద సంఘముల గుర్తింపును రద్దుచేసినది. వానిలో స్త్రీల సంఘములును ఉండెను. ఒకప్పుడు ప్రశ్నావళి చేతబట్టి లియోన్ ఇండ్ల తలుపులు తట్టుటకు తోడ్పడిన సంఘముల వంటివి ఇప్పు డక్కడ పనిచేయుట కష్టసాధ్యము.